డిక్కీ దాకా చేరని కరెంటు

పొద్దున్నే ఆరింటికి గుడారం జిప్పు తీసి, కాఫీకి పాల కోసం కారు డిక్కీ ఎత్తాను. ఫ్రిజ్ మీద పచ్చ లైటు లేదు. లోపల దోసెల పిండి పొంగి, డబ్బా మూతను నెట్టుకుని వచ్చి, పెరుగు మీదా చికెన్ ప్యాకెట్టు మీదా కారి ఉంది. బండి స్టార్ట్ చేస్తే ఫ్రిజ్ కూడా లేస్తుందిలే అని తాళం తిప్పాను. టక్, టక్, టక్. అంతే. సెల్ఫ్ తీసుకోలేదు.

అది దక్షిణ ఆస్ట్రేలియా, ఫ్లిండర్స్ కొండల్లో విల్పెనా పౌండ్. మేముండే ఎడిలైడ్‌కి 430 కిలోమీటర్లు. పక్క క్యారవాన్ పెద్దాయన జంపర్ కేబుళ్లు తెచ్చి బండి లేపి, వెళ్తూ వెళ్తూ ఒక్కటే అడిగాడు: ఒకే బ్యాటరీయా? ఆ ముక్క పూర్తిగా అర్థం కావడానికి నాకు రెండేళ్లూ, చాలా డాలర్లూ పట్టాయి.

కారులో ఫ్రిజ్ ఏమిటని మీకు అనిపించొచ్చు. ఇక్కడది విలాసం కాదు. స్టువర్ట్ హైవే మీద గ్లెండాంబో దాటితే కూబర్ పీడీ దాకా దాదాపు 250 కిలోమీటర్లు, మధ్యలో పెట్రోలు బంకు కూడా ఉండదు. పిల్లలతో నాలుగు రోజులు తిరగాలంటే పాలూ కూరలూ వెంట ఉండాల్సిందే. ఈ పెట్టె ఇంట్లో ఫ్రిజ్‌కి తమ్ముడే. దీనికీ కంప్రెసరే, కాకపోతే 12 ఓల్టులతో నడుస్తుంది. మాది 40 లీటర్లది. తిరిగేటప్పుడు 4 ఆంపియర్ల దాకా లాగుతుంది, చల్లబడగానే ఆగుతుంది. రోజు మొత్తానికి 30 నుంచి 40 ఆంపియర్ అవర్లు. ఎండ 40 డిగ్రీలు దాటితే ఇంకా ఎక్కువ.

ఇంటికొచ్చి తెనాలిలో బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయనది లారీల ఆటో ఎలక్ట్రికల్ షాపు. నవ్వాడు.

"ఒరేయ్, సెల్ఫ్ కొట్టే బ్యాటరీతో సంసారం నడుపుతావట్రా? మనింట్లో ఇన్వర్టర్ పక్కన ఉన్నదేంటి? ట్యూబులర్. దాన్ని తీసుకెళ్లి లారీకి పెడతామా?"

విషయమంతా అందులోనే ఉంది. కారు బ్యాటరీలో పలకలు పల్చగా, ఎక్కువగా ఉంటాయి. రెండు మూడు సెకన్లపాటు వందల ఆంపియర్లు గుప్పించి ఊరుకోవడం దాని పని, ఆ ఖర్చును డైనమో వెంటనే పూడుస్తుంది. (ఆల్టర్నేటర్ అని నేనెన్నిసార్లు సరిదిద్దినా బాబాయ్‌కి అది డైనమోనే.) దాన్ని రాత్రంతా నెమ్మదిగా పిండి, అడుగంటా దించితే కొద్దిసార్లకే చచ్చిపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పలకలు మందం, రోజూ లోతుగా దిగి మళ్లీ నిండడం కోసమే కట్టింది. ఫ్రిజ్‌కి కావలసింది ఆ జాతి బ్యాటరీ, బండి స్టార్ట్ చేసేదానితో సంబంధం లేకుండా విడిగా. మా కారులో అసలు తప్పు ఇంకోటి: పాత ఓనరు వెనక సాకెట్టుని నేరుగా బ్యాటరీకి కలిపేశాడు, తాళం తీసినా అది ఆగదు.

సరే, ఏజీఎమ్ అనే లెడ్ రకంలో 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కొన్నాను. 30 కిలోలు. డిక్కీలో పెట్టి, ముందు బ్యాటరీ నుంచి రిలే మీదుగా తీగ లాగాను. ఇంజను నడుస్తున్నప్పుడు రెండు బ్యాటరీలనీ కలపడం, ఆగాక విడగొట్టడం ఆ రిలే పని. లెడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి 50 వాడుకోవచ్చు, అంటే రోజున్నర. నేను లెక్కలు రాసి బతికేవాణ్ణి, ఈ ఖర్చు కాగితం మీద పక్కాగా వేశాను. రాబడి వేయలేదు.

రెండో ప్రయాణంలో విల్పెనాలో రెండు రాత్రులు గడిపి, మూడు గంటలకు పైగా నడిపి అర్కరూలా చేరాం. ఈపాటికి బ్యాటరీ నిండి ఉంటుందని ధీమా. తెల్లారేసరికి ఫ్రిజ్ మళ్లీ ఆగింది. కారు మాత్రం స్టార్టయింది, అదొక్కటే లాభం.

ఈసారి బాబాయ్ నవ్వలేదు. "మీటరు పట్టుకో. ఇంజను ఆన్‌లో పెట్టి ముందు చూడు, వెనక చూడు" అన్నాడు. ముందు 14.1. వెనక 13.0. అలాంటి బ్యాటరీ నిండాలంటే 14.4 దగ్గర్లో ఉండాలి. 13 ఓల్టులతో ఛార్జి ఎక్కుతున్నట్టే ఉంటుంది, నిండదు.

"తీగ ఎంత మందంరా?"

"4 ఎమ్ఎమ్, బాబాయ్."

"కెమెరా ముందు పెట్టు."

చివర చెక్కి రాగి చూపించాను. చూడగానే అన్నాడు, ఇది 4 కాదని. నిజమే. మన దగ్గర 2.5 స్క్వేర్, 4 స్క్వేర్ అంటే లోపలి రాగి అడ్డుకోత కొలత. ఆస్ట్రేలియాలో ఆటో కేబుల్ మీద 4 అని ఉంటే అది పైతొడుగుతో కలిపి తీగ లావు. లోపల రాగి 1.8 స్క్వేర్ మాత్రమే. తెనాలిలో పుట్టినవాడు ఎడిలైడ్ షాపులో పడే గుంట ఇదే. బానెట్ నుంచి డిక్కీకి పోనూ రానూ 12 మీటర్లు. ఆ రాగిలో 10 ఆంపియర్లు పారితే దారిలోనే 1.1 ఓల్టు హరించుకుపోతుంది. ఇక్కడ 6 బీ అండ్ ఎస్ అనే 13.5 స్క్వేర్ కేబుల్ అయితే అదే దూరానికి పోయేది 0.15 ఓల్టు. అంతవరకూ నేను పెద్ద బ్యాటరీ కొనే ఆలోచనలో ఉన్నాను. నీళ్లు రాని ఇంట్లో ఇంకో ట్యాంకు కట్టించడం లాంటి పని.

కేబుల్ మార్చాను. ఫ్యూజు గురించి బాబాయ్ నిజంగానే అరిచాడు. ఆ తీగకి రెండు కొసలా బ్యాటరీలే. మధ్యలో ఎక్కడ బాడీకి ఒరిసినా రెండు వైపుల నుంచీ కరెంటు దూకుతుంది, బండి తగలబడుతుంది. అందుకని రెండు చివర్లా, బ్యాటరీకి జానెడు లోపే ఫ్యూజులుండాలి.

కొత్త కార్లలో మంచి కేబుల్ ఒక్కటీ చాలదు. డీజిలు ఆదా కోసం వాటి ఆల్టర్నేటర్లు ముందు బ్యాటరీ నిండగానే ఓల్టేజి దించేస్తాయి, ఒక్కోసారి 13 కంటే కిందికి. అక్కడ రిలే ఉత్త అలంకారం. వచ్చిన ఓల్టేజి ఎంతైనా దాన్ని పెంచి, వెనక బ్యాటరీకి కావలసినంత ఇచ్చే డీసీ-డీసీ ఛార్జరు పెట్టుకోవాలి. మాది పాత బండే అయినా 25 ఆంపియర్లది బిగించుకున్నాను. రెండు గంటలు నడిపితే రోజు ఖర్చు తిరిగొస్తుంది.

కదలకుండా ఒకేచోట ఉండే రోజులకి 120 వాట్ల మడత సోలార్ ప్యానెల్. కారు నీడలో, ప్యానెల్ ఎండలో. మొదటిసారి అలవాటుకొద్దీ దక్షిణానికి తిప్పి పెట్టాను, తెనాలిలో మేడ మీద ప్యానెళ్లు అటే చూస్తాయి మరి. "నాన్నా, సూర్యుడు ఇటున్నాడు" అని మా అమ్మాయి ఉత్తరం చూపించింది. భూమధ్యరేఖ దాటి వచ్చి పదేళ్లయింది, నాకే తట్టలేదు. ఉత్తరానికి తిప్పాక మంచి ఎండలో 6 ఆంపియర్ల దాకా ఇచ్చింది. రోజంతా కాస్తే ఫ్రిజ్ ఖర్చు ఇంచుమించు వెళ్లిపోతుంది.

పోయినేడాది ఏజీఎమ్ తీసేసి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పెట్టాను. అదే 100, బరువు 12 కిలోలు, 80 దాకా వాడుకోవచ్చు. ఖరీదు గురించి ఇంట్లో ఇంకా మాట్లాడుకోలేదు. ఓల్టేజి చూసి దీని పొట్ట తెలుసుకోలేం, చివరిదాకా 13 చుట్టూ నిలబడి ఒక్కసారి పడిపోతుంది. లోపలికీ బయటికీ పోయే ఆంపియర్లను లెక్కపెట్టే షంట్ మీటరు విడిగా కావాలి. బానెట్ కింద వేడికి పెట్టకూడదు. సున్నా డిగ్రీల కింద ఛార్జి చేయకూడదు, ఫ్లిండర్స్‌లో చలికాలం రాత్రులు అక్కడిదాకా దిగుతాయి.

మొన్న ఏప్రిల్‌లో విల్పెనాలోనే నాలుగు రాత్రులున్నాం. ఆఖరి పొద్దున మీటరు 71 శాతం చూపించింది, పిండి ఉన్నచోటే ఉంది. ఆ పాత 4 ఎమ్ఎమ్ తీగ పారేయలేదు. రెండు చెట్ల మధ్య కట్టి తువ్వాళ్లు ఆరేస్తున్నాం.