పెద్ద నెగటివ్‌లో అమ్మ, చిన్న నెగటివ్‌లో అమ్మ నవ్వు

అమ్మ సంవత్సరీకానికి గడ్డపోతారంలో మా ఇంట్లో గోడకు పెద్ద ఫొటో పెడదామని నాన్న ట్రంకుపెట్టె తీశాను. నెగటివ్‌లు రెండు రకాలున్నాయి. అంచుల వెంట చిల్లులున్న సన్నటి పట్టీలు మా చిన్నప్పుడు నాన్న తీసినవి. చదరపు ముక్కలు 1984లో అమ్మ పెళ్లికి స్టూడియో ఆయన తీసినవి, మెడలో వేసుకుని పైనుంచి తొంగిచూసే రెండు కళ్ల యాషికాతో.

చిన్న పట్టీలో అమ్మ పకపకా నవ్వుతోంది. అదే కావాలన్నాను. పటాన్‌చెరులో స్టూడియో అబ్బాయి కంప్యూటర్‌లో పెద్దది చేసేసరికి బుగ్గలన్నీ చుక్కలు చుక్కలైపోయాయి.

"చిన్న రీలు గదక్కా, ఇంకెంత సాగదీస్తం?" అన్నాడు.

లెక్క చూస్తే నిజమే. 35 ఎం.ఎం. రీలులో ఒక్కో బొమ్మ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. 120 రీలులో దాదాపు 6 సెంటీమీటర్ల చదరం. మూడున్నర రెట్ల చోటు! ఆరో నిజాం కాలంలో రాజా దీన్‌దయాళ్ వాడిన గాజు పలకలు ఇంకా పెద్దవి.

అయితే చిన్న రీలులో 36 బొమ్మలొస్తాయి, ఆ పెద్దదాంట్లో 12 మాత్రమే. మరి స్టూడియో ఆయన "కదలొద్దమ్మా" అనక ఏం చేస్తాడు? పెళ్లి ఫొటోలో అమ్మ కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. నవ్వు మాత్రం లేదు, పాపం బిగుసుకుపోయింది. నాన్నకేమో రీలులో ఇంకా బోలెడున్నాయన్న ధీమా. అమ్మ పప్పు రుబ్బుతూ నవ్వుతుంటే నొక్కేశారు.

గోడకు పెళ్లిదే పెట్టాం. నవ్వేది పోస్టుకార్డు సైజులో వేయించాను. ఆ సైజులో చుక్కలు కనపడవు. అది వంటింటి అలమారలో, పోపుల డబ్బా పక్కన ఉంది.