కనిపిస్తేనే కదా... కొట్టేది!

కుత్బుల్లాపూర్, దుండిగల్, గండిమైసమ్మ వైపు ఉండేవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే పైన విమానం మోత వినిపిస్తుంది. మోత వచ్చిన వైపు తలెత్తి చూస్తే అక్కడేమీ ఉండదు. ‘అక్కడ కాదమ్మా, ఇంకాస్త ముందుకు చూడు’ అంటాడు పక్కనున్న పిల్లాడు. నిజమే. ఎయిర్‌ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానం అప్పటికే ముందుకెళ్లిపోయి ఉంటుంది. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్లాడు నేర్చుకున్న పాఠం ఒకటే... కదిలేదాన్ని పట్టుకోవాలంటే అది ఉండబోయే చోటికి చూపు ముందే చేరాలి.

సరిగ్గా ఈ పాఠం మీదే ఓ ఒలింపిక్ క్రీడ నడుస్తోంది. పేరు క్లే పిజియన్ షూటింగ్. అంటే మట్టి పావురాల వేట. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా తన యుద్ధ విమానాల్లోని తుపాకీ సైనికులకు నేల మీద ఈ ఆటనే ఆడించి గురి నేర్పింది. ఎగిరే శత్రు విమానానికి ఎంత ముందుగా గురిపెట్టాలో ఎగిరే పళ్లెం మీద సాధన చేయించిందన్నమాట!

ఇందులో పావురమూ లేదు, నిజానికి మట్టీ లేదు. సున్నపురాయి పొడినీ తారులాంటి పదార్థాన్నీ కలిపి పోతపోసిన చిన్న పళ్లెం అది. అడ్డంగా 11 సెంటీమీటర్లు, బరువు సుమారు 105 గ్రాములు. యంత్రం విసిరితే గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకుపోతుంది. దాన్ని చూడటం, తుపాకీ తిప్పడం, ట్రిగ్గర్ నొక్కడం... అన్నీ దాదాపు ఒక్క సెకనులో అయిపోవాలి.

మరి ఆ సెకనులో పళ్లెం కనబడకపోతే? కొందరికి కనిపించి కొందరికి కనిపించకపోతే? పతకం ఎవరిది?

పరీక్ష రాసే పిల్లలున్న ఇంట్లో ఇది సులువుగా అర్థమవుతుంది. ప్రశ్నపత్రం ఎంత కష్టంగానైనా ఉండొచ్చు. కానీ అచ్చు మసకగా ఉండకూడదు. ఒక గదికి తేలిక పేపరు, పక్క గదికి కష్టం పేపరు ఇవ్వకూడదు. దిద్దేవాళ్లు రాసిన జవాబుని చూడకుండా వదిలేయకూడదు. గురి చూసే ఆటలో న్యాయమూ ఈ మూడింటి మీదే నిలబడి ఉంది.

కప్పగంతుల్లోంచి పుట్టింది

ఒకప్పుడు ఈ పోటీలకు నిజం పావురాలనే ఎగరేసేవారు. 1900లో పారిస్ ఒలింపిక్స్‌లోనూ అదే జరిగింది. వందల పక్షులు నేలరాలాయి. అయితే అంతకు 20 ఏళ్ల ముందే, 1880లో, అమెరికాలోని సిన్సినాటికి చెందిన జార్జ్ లిగోవ్‌స్కీ మట్టి పళ్లెం తయారుచేశాడు. పిల్లలు నీళ్ల మీద ఆల్చిప్పలు విసిరి ఆడుకోవడం చూసి అతనికి ఆ ఆలోచన వచ్చిందంటారు. జీడిమెట్ల ఫాక్స్‌సాగర్ గట్టునో, శామీర్‌పేట చెరువు ఒడ్డునో పెంకు విసిరి కప్పగంతులు వేయించినవాళ్లకి ఆ కిటుకు తెలిసే ఉంటుంది. బల్లపరుపుగా ఉన్న పెంకు గిర్రున తిరుగుతూ గాలిని కోసుకుంటూ పోతుంది. మట్టి పావురమూ అంతే.

పక్షుల ప్రాణాలు దక్కాయి. దాంతోపాటే ఆటలో న్యాయమూ కొంత పెరిగింది. నిజం పావురం ఒకటి చురుగ్గా ఎగురుతుంది, ఇంకోటి బద్ధకంగా ఎగురుతుంది. పళ్లేలన్నీ ఒకే కొలతతో ఉంటాయి, యంత్రం అన్నింటినీ ఒకే తీరుగా విసురుతుంది.

ఏ రంగైతే బాగుంటుంది?

సంక్రాంతికి పతంగులు ఎగరేసే పిల్లల్ని అడగండి. తెల్లమబ్బు మీద తెల్ల పతంగి కలిసిపోతుంది. నల్ల పతంగి ఎంత పైకెళ్లినా కనిపిస్తుంది. క్రికెట్‌లో ఎర్రబంతికి తెల్ల సైట్‌స్క్రీన్, తెల్లబంతికి నల్ల సైట్‌స్క్రీన్ పెట్టేదీ ఇందుకే. వస్తువు రంగు ఒక్కటే చాలదు. దాని వెనకాల ఏముందన్నదీ ముఖ్యమే.

మన మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లో ఓ ఖాళీ మైదానంలో ఈ పోటీ పెడుతున్నామనుకుందాం. వేసవిలో గోధుమరంగు ఎండుగడ్డి, బూడిదరంగు బండలు. నారింజ పళ్లెం ఆ ఎండుగడ్డి మీదుగా పోతే కన్ను తడబడుతుంది. వానాకాలంలో అదే నేల పచ్చబడితే నారింజ రంగు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అయితే అందరికీ కాదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియనివాళ్లు మగవాళ్లలో కొందరుంటారు. వాళ్లకి ఆ పచ్చికలో నారింజ కూడా మసకే. నల్ల పళ్లెం మబ్బుపట్టిన ఆకాశం మీద స్పష్టంగా కనిపిస్తుంది. వేపచెట్ల నీడ మీదుగా వెళ్తే మాయమైపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. వెలుగు నిండిన ఆకాశం ముందు ఏ రంగు వస్తువైనా నల్లగానే కనిపిస్తుంది. పైగా చూపు అంచుల్లో మన కంటికి రంగులు అంతగా తెలియవు. అక్కడ కన్ను పట్టుకునేది కదలికనీ, వెలుగు నీడల తేడానీ. కాబట్టి ‘మంచి రంగు వేశాం కదా’ అని నిర్వాహకులు చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. ఒకే పళ్లెం మొదట చెట్ల ముందు నుంచి, తర్వాత ఆకాశం ముందు నుంచి వెళ్తుంది. ఆ దారి పొడవునా అది కనబడాలి.

అందుకే అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాలు నలుపు, తెలుపు, పసుపు, నారింజ రంగులకు అనుమతిస్తాయి. పళ్లెం పైభాగానికి మాత్రమే రంగు వేసుకున్నా సరే. ఏది వాడినా మామూలు వెలుతురులో ఆ మైదానం నేపథ్యం ముందు స్పష్టంగా కనిపించాలన్నది షరతు. మన ఉత్తరార్ధగోళంలో కొత్తగా రేంజి కట్టేటప్పుడు ఉత్తరానికో ఈశాన్యానికో గురిపెట్టేలా కట్టమంటారు. ఇది వాస్తు కాదండోయ్... సూర్యుడు కళ్లలో పడకుండా!

షూటర్లు కళ్లద్దాల అద్దాలు మార్చుకునేదీ ఇందుకే. మబ్బుగా ఉంటే పసుపు అద్దం, ఎండ మండిపోతుంటే ముదురు రంగు అద్దం. పగిలిన పళ్లెం ముక్కల నుంచి కంటికి రక్షణ కూడా అదే.

అందరికీ ఒకే పేపరు

ఇక రెండో సంగతి... కష్టాన్ని సమానంగా పంచడం. ఒలింపిక్స్‌లో ఆడే ట్రాప్ పోటీనే తీసుకుందాం. షూటర్లు నిలబడే గీతకు 15 మీటర్ల ముందు, నేలలో ఓ కందకం ఉంటుంది. అందులో 15 యంత్రాలు. మూడేసి చొప్పున అయిదు గుంపులు. షూటర్ కేక వేయగానే తన ఎదుటి మూడింట్లో ఏదో ఒకటి పళ్లేన్ని విసురుతుంది. ఎడమకా, కుడికా, తిన్నగానా అన్నది ముందుగా తెలియదు. పక్కకు 45 డిగ్రీల దాకా పోవచ్చు. పది మీటర్ల దూరంలో దాని ఎత్తు ఒకటిన్నర మీటర్ల నుంచి మూడున్నర మీటర్ల మధ్య ఎంతైనా ఉండొచ్చు. పళ్లెం మాత్రం 76 మీటర్ల దూరం వెళ్లాలి, ఓ మీటరు అటూ ఇటూ.

‘ఇదంతా లాటరీలా ఉందే, ఒకడికి అన్నీ తేలికవి, ఇంకొకడికి అన్నీ కష్టమైనవి వస్తే?’ అనిపిస్తుంది. అక్కడే ఉంది కిటుకు. 25 పళ్లేల రౌండు పూర్తయ్యేసరికి ప్రతి షూటరూ అయిదు చోట్లా నిలబడతాడు. ఒక్కోచోట ఎడమకు రెండు, కుడికి రెండు, మధ్యకి ఒకటి వస్తాయి. మొత్తం మీద ఎడమకు పది, కుడికి పది, తిన్నగా అయిదు. ఏది ముందొస్తుందో తెలియదు, లెక్క మాత్రం అందరికీ ఒకటే. పేకముక్కలు కలిపి పంచినా అందరికీ అవే ముక్కలు వచ్చినట్టు!

యంత్రాల కోణాలూ ఎత్తులూ నిర్వాహకుల ఇష్టం కాదు. ఇందుకోసం తొమ్మిది పట్టికలున్నాయి. వాటిలో ఒకదాని ప్రకారం యంత్రాలు బిగించి, పోటీకి ముందు జ్యూరీ పరిశీలించి సీలు వేస్తుంది. యంత్రంలోంచి వస్తూనే పళ్లెం పగిలితే అది లెక్కలోకి రాదు. ‘నో టార్గెట్’ అంటారు. షూటర్‌కి ఇంకోటి ఇస్తారు. ఎండ, గాలి ఎవరి చేతిలోనూ లేవు. అందుకే క్వాలిఫయింగ్‌లో 125 పళ్లేలనీ ఒక్క ఊపులో కాకుండా అయిదు రౌండ్లుగా, సాధారణంగా రెండు రోజుల్లో పేలుస్తారు. ఒక పూట దురదృష్టం మొత్తం ఫలితాన్ని మింగేయకుండా!

స్కీట్‌లో తీరు వేరు. అర్ధవలయంలో ఏడు చోట్ల, రెండు గూళ్ల మధ్య ఎనిమిదో చోట నిలబడి కొట్టాలి. ఒకటి ఎత్తు గూడు, ఒకటి పొట్టి గూడు. పళ్లెం దారి అందరికీ ముందే తెలుసు. కానీ పిలిచాక అది వెంటనే రావచ్చు, మూడు సెకన్లలోపు ఎప్పుడైనా రావచ్చు. తెలిసిన ప్రశ్నే... గంట ఎప్పుడు కొడతారో తెలియదంతే!

పగిలిందా... లేదా?

మూడోది దిద్దడం. నియమం చిన్నదే. పళ్లెం నుంచి కంటికి కనిపించేలా ఒక్క ముక్క ఊడినా కొట్టినట్టే. ధూళి లేస్తే మాత్రం చాలదు. చదవడానికి సులువు. దూరంగా దూసుకుపోతున్న పళ్లెం అంచు నుంచి గోరంత ముక్క ఊడితే?

2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్ మహిళల స్కీట్ ఫైనల్లో జరిగింది ఇదే. బ్రిటన్ అమ్మాయి అంబర్ రట్టర్, చిలీకి చెందిన ఫ్రాన్సిస్కా క్రొవెటో 60 పళ్లేలకు చెరో 55 కొట్టి సమంగా నిలిచారు. షూటాఫ్‌లో రట్టర్ కొట్టిన ఒక పళ్లేన్ని రెఫరీలు తప్పిపోయినట్టు ప్రకటించారు. టీవీలో మళ్లీ చూపించినప్పుడు ముక్క ఊడినట్టే అనిపించింది. కానీ ఆ పోటీలో వీడియో సమీక్షకు వీల్లేదు. స్వర్ణం క్రొవెటోకి, రజతం రట్టర్‌కి. మూడు నెలల పసివాణ్ని ఇంట్లో పెట్టుకుని ఒలింపిక్స్‌కి వచ్చిన తల్లి ఆమె. క్రొవెటోదీ తప్పు కాదు, తన వంతు తను కొట్టింది. కానీ కనబడీ కనబడని ఓ ముక్క దగ్గర పతకం రంగు మారిపోయిందన్న అనుమానం మిగిలిపోయింది.

ఆ మర్నాడే మనకూ ఓ గాయం తగిలింది. మిక్స్‌డ్ స్కీట్ కాంస్య పోరులో మహేశ్వరి చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరుకా చైనా జంట చేతిలో 43-44తో ఓడిపోయారు. ఒక్కటంటే ఒక్క పళ్లెం! అందులో అన్యాయమేమీ లేదు. కానీ ఒక్క పళ్లెం విలువ ఎంతో అర్థం కావడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మన హైదరాబాదీ గురి

ఈ ఆట మనకి మరీ కొత్త కాదు. బికనీర్ మహారాజు కర్ణిసింగ్ 1962లో కైరో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ట్రాప్‌లో రజతం గెలిచారు. 2004 ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో వెండి పతకం తెచ్చినప్పుడు దేశమంతా ఈ ఆట పేరు తెలుసుకుంది.

హైదరాబాద్‌లో పుట్టిన కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్ ట్రాప్‌లో దేశం తరఫున ఆడాడు, ఫైనల్ చేరలేదు. ఏడేళ్ల తర్వాత, 2023 అక్టోబరు 1న, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 125కి 122 కొట్టాడు. జొరావర్ సింగ్ సంధు 120, పృథ్వీరాజ్ తొండైమాన్ 119. మొత్తం 361తో జట్టుకి స్వర్ణం. రెండో స్థానంలోని కువైట్‌కి 359. తేడా రెండే పళ్లేలు! అదేరోజు కైనన్ వ్యక్తిగత కాంస్యమూ గెలిచాడు.

తుపాకీతో ఆట కాబట్టి ఇంట్లో వాళ్లకి భయం సహజమే. లైసెన్సు, శిక్షకుడు, రేంజి... ఈ మూడూ లేకుండా తుపాకీ పట్టే ప్రసక్తే లేదు. చెవులకి రక్షణ, కళ్లకి అద్దాలు తప్పనిసరి. తుపాకీ, తూటాలు, ప్రయాణాలు... ఖర్చూ ఎక్కువే. అంత ఖర్చుపెట్టి, అన్నేళ్లు చెమటోడ్చి గీత మీదికి వచ్చిన పిల్లకి ‘నీకు పళ్లెం కనబడకపోతే మేమేం చేస్తాం’ అనే హక్కు ఏ నిర్వాహకుడికీ లేదు.

ఆ మాటకొస్తే ఇది తుపాకీ ఆటకే పరిమితం కాదు. బడి మైదానంలో సాయంత్రం ఎండకి ఎదురుగా ఒక్క జట్టునే నిలబెట్టే త్రోబాల్ ఆటకీ, బస్తీలో ట్యూబ్‌లైటు వెలుతురులో నడిపే క్యారమ్స్ పోటీకీ వర్తిస్తుంది. పోటీ పెట్టేవాళ్లు చేయాల్సిన మొదటి పని ఒకటే. ఆటగాళ్లు రాకముందే వెళ్లి, వాళ్లు నిలబడబోయే ప్రతి చోటా తాము నిలబడి, వాళ్ల కళ్లతో చూడటం. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దువాలాక ఇంకోసారి.

దుండిగల్ డాబా మీది పిల్లాడు చేసిందీ అదే కదా. అమ్మ పక్కన నిలబడి, తనకి కనిపిస్తున్నది అమ్మకీ కనిపించేదాకా వేలు పెట్టి చూపించాడు. కనిపించాక దాన్ని పట్టుకోవడం, పట్టుకోలేకపోవడం... అది ఆటగాడి సత్తా!