మీకు తెలుసా? మనవడికీ వీసా కావాలి!

ప్రొద్దుటూరు దసరా చూద్దామనో, జమ్మలమడుగు దగ్గరి గండికోట ఎక్కుదామనో అమెరికా నుంచి వచ్చే మనవడు పులివెందుల తాతకు సొంత రక్తమే. కానీ చేతిలో అమెరికా పాస్‌పోర్టు ఉంటే మన ప్రభుత్వానికి అతను విదేశీయుడే. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు లేకపోతే చంటిబిడ్డకైనా విడిగా వీసా తీసుకోవాల్సిందే.

ఆ వీసాను ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో తీసుకునే పద్ధతి 2014 నవంబరు 27న మొదలైంది. అప్పట్లో 43 దేశాలవారికి, 9 విమానాశ్రయాల్లోనే ఈ వీలు ఉండేది. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు మూడూ ఆ తొమ్మిదిలో ఉండటం మన సీమవాళ్ల అదృష్టం. 2015 ఏప్రిల్‌లో దాని పేరును ఈ-టూరిస్ట్ వీసాగా మార్చారు.

ప్రయాణానికి కనీసం 4 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి. పాస్‌పోర్టుకు 6 నెలల గడువు, 2 ఖాళీ పేజీలు ఉండాలి. అనుమతి మెయిల్‌కు వస్తుంది. ప్రింటు తీసి వెంట పెట్టుకోవాలి. వీసా రాకపోయినా కట్టిన ఫీజు వెనక్కి రాదు.

అసలు తంటా ఇంటిపేరుతోనే. ఇక్కడ ముందు రాస్తాం, అక్కడ చివర రాస్తారు. దరఖాస్తులో మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే దించాలి. దరఖాస్తు పెట్టే సర్కారు సైటు చిరునామా చివర గవ్.ఇన్ అని ఉంటుంది, అదొక్కటి చూసుకోండి.