వద్దనగలిగే మండలి కావాలి

కాలుష్య నియంత్రణ మండలిని పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వానికి గెజిట్‌లో ఒక్క నోటిఫికేషన్ చాలు. ఎవరెవరు ఉండాలో 1974 నాటి జల చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది. ఒక అధ్యక్షుడు, అయిదుగురు దాకా అధికారులు, స్థానిక సంస్థల నుంచి మరో అయిదుగురు, వ్యవసాయం, మత్స్య, పరిశ్రమ, వర్తక రంగాల తరఫున ముగ్గురు, ప్రభుత్వ సంస్థల నుంచి ఇద్దరు, పూర్తికాలపు మెంబర్ సెక్రటరీ. అందరూ కలిసి 17 మందికి మించరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1976లో మండలి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక 2014లో తెలంగాణ తనది తాను పెట్టుకుంది.

మండలికి అధికారాలు తక్కువేమీ కాదు. ఫ్యాక్టరీ కట్టాలంటే దాని అనుమతి, నడపాలంటే మళ్లీ అనుమతి. మాట వినని పరిశ్రమకు కరెంటూ నీళ్లూ ఆపించే అధికారం 1988 సవరణతో వచ్చింది. అయితే అదే చట్టం 18వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఇచ్చే ఆదేశాలకు మండలి కట్టుబడాలి. పరిశ్రమలను పిలుచుకొచ్చేదీ ప్రభుత్వమే, అవసరమైతే వాటిని వద్దనాల్సిన అధ్యక్షుణ్ని నియమించేదీ ప్రభుత్వమే. చిక్కంతా ఇక్కడే ఉంది.

శంషాబాద్ మండలం పెద్దషాపూర్ కేసు చూడండి. హైదరాబాద్‌కు తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు పది కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు రాకూడదని 1996 మార్చిలో జీవో 111 ఇచ్చారు. ఆ పరిధిలోనే కట్టిన ఒక ఆముదం నూనె పరిశ్రమకు మరుసటేడే ప్రభుత్వం మినహాయింపునిస్తూ ఇంకో జీవో తెచ్చింది. అయినా మండలి అనుమతి ఇవ్వలేదు. అప్పీలులో కంపెనీ గెలిచింది. హైకోర్టూ అనుమతి ఇమ్మంది. మండలి వెనక్కి తగ్గకుండా సుప్రీంకోర్టుకెక్కింది. హాని లేదని రుజువు చేసుకోవాల్సింది పరిశ్రమేనని 1999లో కోర్టు చెప్పింది. 2000 డిసెంబరులో ఆ మినహాయింపునే కొట్టేసింది. తనను పెట్టిన ప్రభుత్వం సరేనన్నదాన్ని కాదని నిలబడిన ఆ మండలిని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఆ తెగువ ప్రతిసారీ కనిపించదు. విశాఖలో ఎల్జీ పాలిమర్స్ కేంద్ర పర్యావరణ అనుమతి లేకుండానే నడిచింది, మండలి మాత్రం దానికి అనుమతులిస్తూ వచ్చింది. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడి 12 మంది చనిపోయారు.

అధ్యక్షుడికి పర్యావరణ రంగంలో ప్రత్యేక పరిజ్ఞానమో అనుభవమో ఉండాలని చట్టంలోనే ఉంది. అయినా ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలన్న తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నియామక నిబంధనలను ఆరు నెలల్లో రాసుకోమని 2017లో కోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఆ నిబంధనల్లో అధ్యక్షుడి చదువు, అనుభవం, పదవీకాలం, ఎంపిక చేసేదెవరు అన్నవి స్పష్టంగా ఉండాలి. తనిఖీ నివేదికలు ఫ్యాక్టరీ పక్క ఊరి పంచాయతీకి తెలుగులో అందాలి.