‘వద్దు’ అనుట నేర్పిన చోటు

తరగతిగది నిశ్శబ్దముగా నున్నచో ఉపాధ్యాయునకు తృప్తి. ముప్పది యేండ్లుగా తెలుగు పాఠములు చెప్పుచున్న నాకును ఆ తృప్తి అనుభవమే. చేతులు కట్టుకొని, కదలక మెదలక కూర్చున్న పిల్లలను చూచినపుడు వారికి చదువు వచ్చుచున్నదని మనము నమ్ముదుము. ఆ నమ్మకము మా మనుమని విషయమున నన్నెంత మోసగించినదో చెప్పుటకే యీ వ్యాసము.

మా అమ్మాయి కొడుకునకు రెండేండ్లు నిండినను మాట రాలేదు. పేరు పెట్టి పిలిచిన వెనుదిరిగి చూడడు. బొమ్మకారును నేలపై నడుపక, తలక్రిందులు చేసి దాని చక్రమును గంటలకొలది త్రిప్పుచుండును. వంటింట మిక్సీ వేసినచో చెవులు మూసికొని గోడకు తల కొట్టుకొనును. “మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయి, కంగారు పడకండి” అని ఇంటి పెద్దలు ధైర్యము చెప్పిరి. ఆ ధైర్యముతో ఒక సంవత్సరము గడచిపోయెను. కడకు పిల్లల వైద్యుడు ‘ఆటిజం’ అని చెప్పెను. మాటలే జీవనాధారమైన నా యింట మాటరాని బిడ్డ! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లవానిని ఇంట విడిచి ఉద్యోగమునకు పోయినందుననే ఇట్లయినదేమో యని మా అమ్మాయి కుమిలిపోయెను.

ఆమె కుమిలిపోవలసిన పని లేదని తరువాత చదివి తెలిసికొంటిని. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి యీ స్థితిని వర్ణించెను. ఆ పిమ్మట చాలకాలము, తల్లికి ప్రేమ చాలకపోవుటయే దీనికి కారణమను అపవాదు ప్రబలినది. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన గ్రంథమున ఆ వాదమును ఖండించెను. ఆయనయు ఇట్టి బిడ్డకు తండ్రియే. ఇది మెదడు ఎదుగుదలలోని భేదము. తల్లి చేసిన తప్పు కాదు. తల్లిదండ్రులతో మాటాడునపుడు ఉపాధ్యాయులు మొట్టమొదట గుర్తుంచుకొనవలసినది ఇదియే.

బిహేవియర్ థెరపీ, అనగా ప్రవర్తనా చికిత్స, వెంటనే మొదలుపెట్టుడని వైద్యుడు చెప్పెను. మా పట్టణమున అట్టి కేంద్రములు రెండు కలవు. మొదటిది గొప్ప భవనము. చల్లని గదులు, గోడలనిండ రంగుల పటములు. అద్దపు కిటికీగుండ మాకు రెండు నిమిషములు లోపలి దృశ్యము చూపిరి. నలుగురు పిల్లలు చిన్న కుర్చీలలో చేతులు కట్టుకొని కూర్చుండిరి. ఇంగ్లీషులో ఆజ్ఞ వినబడగానే తలలెత్తి చూచుచుండిరి. నాకు మిక్కిలి నచ్చినది. “ఆరు నెలల్లో మామూలు పిల్లాడైపోతాడు. వారానికి 40 గంటలు పంపండి. మూడు నెలల ఫీజు ముందు కట్టండి. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి” అని నిర్వాహకుడు చెప్పెను. తెలుగు పంతులునైన నేను తలయూపితిని! తలచుకొన్న నేటికిని సిగ్గగును.

చికిత్స జరుగునపుడు మమ్ము లోపలికి రానీయలేదు. కొన్ని వారములకు, ఆటో ఆ వీధి మలుపు తిరుగగానే పిల్లవాడు తల్లి మెడ కరచుకొని తన మణికట్టు తానే కొరుకుకొనుట మొదలుపెట్టెను. “అలవాటు పడతాడు” అనిరి. రెండు నెలలు గడచినవి. ఒకనాటి మధ్యాహ్నము వానికి ఆకలి వేసినది. వంటింటి గడపకడకు పోయి, చేతులు కట్టుకొని కూర్చుండెను. ఏడువలేదు, గిన్నె వైపు చేయి చూపలేదు. అట్లే కూర్చుండెను. “నాన్నా, వీడికి వాళ్లు నేర్పింది ఇదొక్కటే” అని మా అమ్మాయి వలవల ఏడ్చెను. మరునాటినుండి అచ్చటికి పంపలేదు.

ఆ 40 గంటల లెక్క ఎచ్చటినుండి వచ్చినదో అటుపిమ్మట వెదకితిని. 1987లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఐవర్ లోవాస్ ఒక పరిశోధన ప్రకటించెను. 19 మంది పసివారికి వారమునకు 40 గంటల చొప్పున రెండేండ్లకు పైగా చికిత్స చేయగా, అందు 9 మంది మామూలు బడిలో ఒకటవ తరగతి దాటిరి. లోకమంతట తల్లిదండ్రుల కది గొప్ప ఆశ కలిగించినది. కాని పిల్లలను చీటీలు వేసి జట్లుగా విభజింపలేదనియు, ఆ చికిత్సలో గద్దింపును తొడపై దెబ్బయు కూడ కలవనియు ఆ లెక్క వల్లించువారు చెప్పరు. అటుపిమ్మట మార్గము మారినది. 2010లో జెరాల్డిన్ డాసన్, శాలీ రోజర్స్ మున్నగువారు 48 మంది పిల్లలతో జరిపిన పరిశోధనలో చికిత్స ఆటపాటలలోనే సాగినది. తల్లిదండ్రులును దానిని నేర్చి ఇంట పాటించిరి. ఆ పిల్లల భాషయు తెలివియు మెరుగుపడినవి. మరియు, పూర్వపు పద్ధతిలో పెరిగి పెద్దలైనవారు కొందరు నేడు స్వయముగా వ్రాయుచున్నారు: తమచేత చేతులాడించుట మాన్పించిరే కాని, తమ బాధ యేమని యెవరును అడుగలేదని.

రెండవ కేంద్రము ఒక పాత పెంకుటింటిలో రెండు గదులు. లోపల గోల. నాకు నచ్చలేదు. ఒక యువతి చాపపై కూర్చుండి, మా వానితో ఏమియు అనక, వాడు చక్రము త్రిప్పుచుండగా ప్రక్కనే తానొక చక్రము త్రిప్పుచుండెను. చాలసేపటికి వాడు ఆమె చక్రము వైపు చూచెను. అప్పుడామె నా వైపు తిరిగి, “మాస్టారూ, ఇంట్లో అన్నాన్ని ఏమంటారండీ?” అని యడిగెను. “బువ్వ” అంటిని. “అయితే వీడికీ బువ్వే. ఇంట్లోవాళ్లకు అర్థం కాని మాట నేర్పి ఏం లాభం?” అనెను. రెండు భాషలు వినుటవలన ఇట్టి పిల్లలు మరింత వెనుకబడుదురని పరిశోధనలేవియు నిరూపింపలేదని ఆమెవలననే తెలిసినది.

తరువాత మిక్సీ సంగతి వచ్చెను. “తల కొట్టుకోగానే మీరేం చేస్తారు?” అని అడిగెను. మిక్సీ ఆపుదుమని మా అమ్మాయి చెప్పెను. “మరి ‘ఆపండి’ అని చెప్పడానికి వాడికి తెలిసిన మాట అదే. అంతకన్న తేలికైన మాట ఒకటి ఇద్దాం.” అడ్డముగా చాచిన అరచేయి బొమ్మ గల అట్టముక్క యొకటి చేసి యిచ్చెను. మిక్సీ మ్రోగగానే తల్లి వాని చేయి పట్టుకొని ఆ అట్టను నాకు ఇప్పించవలెను. తక్షణము నేను మిక్సీ ఆపవలెను. దినదినము తల్లి సాయము తగ్గించవలెను. ఇందలి సూత్రమును 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యురాండ్ అనువారు ప్రయోగపూర్వకముగా చూపిరి: అల్లరి యొక సందేశము, దానికి బదులొక సులభమైన మాట దొరికినచో అల్లరితో పని తగ్గును. పదునేడవనాడు మా వాడు తనంతట తానే అట్ట తెచ్చి నా చేతిలో పెట్టెను. తల కొట్టుకొనుట పూర్తిగ పోలేదు, చాల తగ్గినది.

కావున కేంద్రము వెదకు తల్లిదండ్రులకు నేను చెప్పునది స్వల్పము. తలుపు మూయువారిని నమ్మకుడు. ఇన్ని నెలలలో నయమగునని గడువు పెట్టువారిని అసలే నమ్మకుడు. ఆటిజం జలుబువలె తగ్గిపోవు రోగము కాదు. చికిత్స చేయువారి పేరు, 1992 నాటి చట్టము ననుసరించి, భారత పునరావాస మండలి పట్టికలో నున్నదేమో చూడుడు. మొదట పిల్లవానిని పరీక్షించి, ఏమి నేర్పదలచిరో వ్రాసి యిత్తురా? వాని ప్రగతిని పుస్తకమున గుర్తించి చూపుదురా? ఇంటివారికి నేర్పుదురా? అన్నిటికంటె ముఖ్యముగా, “పిల్లవాడు ఇష్టపడనపుడు మీరేమి చేయుదురు?” అని అడుగుడు. దానికి వచ్చు జవాబునుబట్టి తక్కినదంతయు తెలియును. డబ్బు లేనివారు నిరాశ చెందనక్కరలేదు. 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ సికింద్రాబాదున ఉన్నది. 2013లో ఆరంభమైన బాలల ఆరోగ్య పథకము క్రింద జిల్లాలలో సత్వర చికిత్సా కేంద్రములు ఏర్పడినవి. 2016 నాటి చట్టము ఆటిజమును వైకల్యముగా గుర్తించినది. ఈ పిల్లలను చేర్చుకొనుట బడుల విధి.

నేడు మా మనుమనికి ఐదేండ్లు. మాటలు ఇరువదికి మించలేదు. మొన్న పండుగకు వచ్చిన బంధువొకడు ముద్దు పెట్టుకొనబోగా, వాడు చేయి అడ్డుపెట్టి, నోటితో “వద్దు” అనెను. బంధువు చిన్నబుచ్చుకొనెను. మా అమ్మాయి కన్నులు తుడుచుకొనుచు నవ్వెను. ‘వలదు’ అనునదే వాడుకలో ‘వద్దు’ అయినదని నేను ఎన్ని తరగతులకు చెప్పితినో లెక్కలేదు. ఆ మాట యొక బిడ్డకు ఎంత అవసరమో నాకు తెలిసినది మాత్రము ఆనాడే.

ఇప్పుడు నా తరగతిలో వెనుక బల్లనుండి ఎవడైన లేచి, “అర్థం కాలేదండీ” అన్నచో నాకు కోపము రాదు. చేతులు కట్టుకొని మాటాడక కూర్చున్న పిల్లవానికడకే ముందుగా పోయి పలుకరించుచున్నాను.