పాచికల చాప మీద పదోన్నతుల లెక్క

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ రేవులకు సమీపాన ఉన్న ఏక్‌బాల్‌పూర్‌లో మేము నివసిస్తున్నాము. ఆదివారం సాయంత్రం మా ముందు గదిలో చాప పరచి, ఇరుగుపొరుగు పిల్లలు అయిదుగురు పాచికలతో, పెన్సిళ్ళతో కూర్చుంటారు. తెలుగు, బెంగాలీ, ఉర్దూ కలగలిసిన కోలాహలం. కథ చెప్పేవాడు మా అబ్బాయి.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు దీనిని వెలువరించారు. ఒకరు కథ నడుపగా మిగిలినవారు వీరుడుగా, పూజారిగా, మాంత్రికుడుగా, దొంగగా పాత్రలు ధరిస్తారు. మన వైకుంఠపాళిలో పందెం కలిసివస్తే నిచ్చెన ఎక్కుతాము. ఇందులో మాత్రం గడించిన అనుభవ పాయింట్లను బట్టి పాత్ర స్థాయి పెరుగుతుంది. ఉద్యోగుల భాషలో చెప్పవలెనంటే, పదోన్నతి.

చిక్కు అక్కడే వచ్చినది. మా పిల్లలకు లభించినది 1981 నాటి ప్రాథమిక గ్రంథం. అందులో ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క పట్టిక. రెండవ స్థాయికి దొంగకు 1200 పాయింట్లు చాలును. పూజారికి 1500, వీరునికి 2000, మాంత్రికునికి 2500. దొంగ 2400తో మూడవ స్థాయికి చేరుతాడు. అంతేకాదు, చిక్కిన ప్రతి బంగారు నాణెమునకు ఒక పాయింటు. ఆ మొత్తాన్ని అందరికీ పంచి, కొందరికి నూటికి 5, మరికొందరికి 10 చొప్పున అదనంగా కలుపవలెను. ఒకనాడు 1135ను అయిదుగురికి పంచితే తలా 227 వచ్చినది. 10 శాతం కలిపితే 249.7, 5 శాతం కలిపితే 238.35! ఆట గంటసేపు, లెక్క గంటన్నర.

మాంత్రికురాలి పాత్ర వేసే పన్నెండేళ్ళ పాప ఒకనాడు పుస్తకం మూసి, "మామయ్యగారూ, దొంగ రెండుసార్లు పైకి పోయాడు, నేనింకా ఒకటిలోనే ఉన్నాను. తప్పు నా లెక్కదా, పుస్తకానిదా?" అన్నది. తరువాత రెండు ఆదివారాలు రాలేదు. మాంత్రికులు మున్ముందు మహాబలవంతులవుతారు గనుక తొలి మెట్లు కఠినంగా పెట్టారన్నది గ్రంథకర్తల సమాధానం. పన్నెండేళ్ళ పిల్లకు అది ఓదార్పు కాదు.

మాకు నాలుగవ వేతన సంఘం నాటి 2000-60-2300-ఇ.బి.-75-3200 వంటి స్కేళ్ళు జ్ఞప్తికి వచ్చాయి. ఇప్పుడవి లేవు. కాని అంకెల వరుస ఎంత జటిలమైనను, తన తరువాతి మెట్టు ఏదో ఉద్యోగి వేళ్ళ మీద చెప్పగలిగేవాడు.

2000లో వెలువడిన మూడవ ముద్రణ ఈ పట్టికలన్నిటినీ ఒకటి చేసినది. ఏ వృత్తికైనను మొత్తం 1000, 3000, 6000, 10000. అనగా ఏ స్థాయిలో ఉంటే అన్ని వేలు కూడబెట్టితే పై స్థాయి. మేము ఆ సున్నలను కూడా కొట్టివేశాము. ఒక ఆదివారం ఆడితే ఒక పాయింటు. ఒకటవ స్థాయి నుండి ఎక్కుటకు 1, రెండవ స్థాయి నుండి 2, మూడవ స్థాయి నుండి 3. మొత్తం 1, 3, 6, 10. వంపు అదే, భాగహారం లేదు, దశాంశం లేదు.

లెక్క యావత్తూ మానివేసి, కథలో ఒక ఘట్టం ముగియగానే అందరినీ ఒక మెట్టు ఎక్కించు పద్ధతి కూడా ఉన్నది. 2014 నాటి అయిదవ ముద్రణ దానికి అనుమతి ఇచ్చినది. పాపను పిలిపించి అడిగితే ఒప్పుకొనలేదు. "అప్పుడు అన్నయ్య ఇష్టమేగా!" అన్నది. ఆమె మాటే నెగ్గినది.

దొంగ వేషధారికి కోపం వచ్చినది. అందులో న్యాయం లేకపోలేదు. త్వరగా ఎదుగుటే పాత గ్రంథంలో దొంగకున్న ముఖ్యమైన మేలు. మూడవ ముద్రణవారు వృత్తుల బలాబలాలను కూడా సరిదిద్దారు; మేము పట్టిక ఒక్కటే మార్చాము. కడకు, ప్రాణబలం నిర్ణయించుటకు దొంగ వేసే నాలుగు ముఖాల పాచికకు బదులు ఆరు ముఖాలది ఇచ్చి సంధి చేసుకొన్నాము.

ఆ తరువాత ఆరు ఆదివారాలు గడిచాయి. నలుగురు నాలుగవ స్థాయికి చేరారు. పరీక్షల మూలంగా ఒక వారం రాని పాప తన కాగితం మీద అయిదు గీతలు లెక్కపెట్టి, "ఇంకొక్కటి" అని, పాచిక అందుకొన్నది.