1990లో తలసరి ఆదాయం: భారత్ ముందా, చైనా ముందా?

1990లో భారత్, చైనాలలో దేని తలసరి ఆదాయం ఎక్కువ? ప్రపంచ బ్యాంకు పట్టికలలో దీనికి రెండు సమాధానాలు లభిస్తాయి. ఆనాటి ధరలు, ఆనాటి మారకపు రేటు ప్రకారం తలసరి స్థూల దేశీయోత్పత్తిలో భారత్ కొద్దిగా ముందున్నది. 2015 స్థిర ధరల శ్రేణిలో మాత్రం చైనాకు సుమారు 900 డాలర్లు, భారత్‌కు సుమారు 530 డాలర్లు.

ఇందులో పొరపాటేమీ లేదు. స్థిర ధరల శ్రేణి 2015 నాటి స్థాయి నుండి బయలుదేరి, వాస్తవ వృద్ధి రేట్ల ప్రకారం వెనుకకు లెక్కిస్తుంది. 2015లో చైనా స్థాయి భారత్‌కు ఐదు రెట్లు. అంతకు ముందరి 25 ఏళ్లలో చైనా తలసరి ఉత్పత్తి దాదాపు తొమ్మిది రెట్లు, భారత్‌ది మూడు రెట్లు అయినది. అంటే ఉత్పత్తి వృద్ధి వలన ఏర్పడిన అంతరం మూడు రెట్లే. మిగిలినది ధరలు, మారకపు రేట్ల మార్పు. కనుక ఈ శ్రేణి వృద్ధిని పోల్చుటకు తగినది. 1990 నాటి స్థాయిని పోల్చుటకు తగదు.

స్థాయికి కొనుగోలు శక్తి సమానత కావాలి. హిమాయత్‌నగర్‌లో ఒక ప్లేటు ఇడ్లీకి చెల్లించే సొమ్మును డాలర్లలోకి మార్చితే అమెరికాలో ఆపాటి అల్పాహారం దొరకదు. ఈ తేడాను సవరించినప్పుడు 2023లో ఐదు రెట్లుగా కనిపించే అంతరం సుమారు రెండున్నర రెట్లకు తగ్గుతుంది.

రైతు శిక్షణా తరగతులలో ఈ సగటును రైతు ఆదాయంగా చూపుట మరింత ప్రమాదకరం. 2023-24లో మన దేశ శ్రామికులలో సుమారు 46 శాతం వ్యవసాయంలో ఉండగా, స్థూల విలువ జోడింపులో ఆ రంగం వాటా సుమారు 18 శాతం. వ్యవసాయ శ్రామికుని వంతుకు వచ్చే విలువ సగటు శ్రామికుని వంతులో ఐదింట రెండు పాళ్లే.